నాలుగు గంటల బస్సెక్కి దిగే మనిషి

ఆగస్టు 11, సోమవారం. ఉదయం పదిన్నర. నార్పోలిలో ఆమె అద్దె ఖోలి, ఒక్క గది. సన్న చినుకు.

హాజరైనవారు: ఆమె చెల్లెలు సుగుణ, పాస్టరుగారు, హెల్త్ పోస్టులో ప్యూనుగా చేసి రిటైరైన షిందే, ఇరవై నాలుగు సాంచాల మరమగ్గాల కార్ఖానా నడిపే అంజయ్య సేటు, నేను. ఇంకా చాలామంది లోపల చోటు లేక గల్లీలోనే గొడుగుల కింద నిలబడ్డారు. వాళ్ళ పేర్లు రాసుకోలేదు. ఆమె ఉంటే ఒప్పుకునేది కాదు. "ఇంకా చాలామంది అంటే ఎవరన్నా? పేర్లు లేవా వాళ్ళకు?" అనేది.

ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది అంతే. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

అది ఆదరణ కూడిక. ఆమె పోయి అప్పటికి ఎనిమిది రోజులు. పొద్దున టీ పెట్టుకుంటూ స్టవ్ ముందే కూలిపోయిందట. పాస్టరుగారు ఆమె ఎక్కడ పుట్టిందో, ఏ మిషన్ స్కూల్లో చదివిందో, పెళ్ళి ఎందుకు చేసుకోలేదో పావుగంట చెప్పారు. అవి నేను రాయను. నాకు తెలిసినవి కావు. ముప్పై ఏళ్ళు ఒకే ఊళ్ళో ఉండి నేను కళ్ళారా చూసినంత మటుకే రాస్తాను.

మగ్గాల పనికి వలస వచ్చిన మావాళ్ళ పిల్లల కోసం ముంబై దగ్గర ఈ ఊళ్ళో ఉన్న తెలుగు బడిలో నేను గుమాస్తాగా పనిచేశాను. పద్దెనిమిదో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. వాన పడిందా లేదా, బడికి ఎంతమంది వచ్చారు, ఎవరి పిల్లవాడు టీసీ తీసుకుని వెళ్ళిపోయాడు, ఎందుకు వెళ్ళాడు, ఇవే ఉంటాయి అందులో. టీసీ రిజిస్టరులో కారణం గడిలో 'స్వగ్రామం వెళ్ళుట' అని ఒకే మాట రాసేవాణ్ణి. అసలు కారణం అడిగి తెలుసుకుని, ఇంటికొచ్చి డైరీలో రాసుకునేవాణ్ణి. తండ్రికి దగ్గు, రక్తం పడుతోంది, ఊరికి తీసుకుపోతున్నారు. ఇలాంటివి. ఎవరికో పనికొస్తాయని రాయలేదు. రాయకపోతే నిద్ర పట్టదు, అంతే.

ఆమె హెల్త్ పోస్టులో నర్సు. మావాళ్ళు సిస్టరక్క అనేవారు. గైబీ నగర్ కార్ఖానాల్లో ముస్లిం కార్మికులు సిస్టర్ బాజీ అనేవారు. పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. పొట్టి మనిషి. సాంచాల మధ్య ఇరుకు సందుల్లో తిరిగీ తిరిగీ, వెడల్పాటి రోడ్డు మీద కూడా ఒక భుజం ముందుకు పెట్టి పక్కవాటుగా నడిచేది. దూరం నుంచి చూస్తే ఎవరికో దారి ఇస్తున్నట్టు ఉండేది.

కార్ఖానాలో సాంచాలు నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. మావాళ్ళు పెదాలు కదిపి, చేతులు తిప్పి మాట్లాడుకుంటారు. ఆమెకు ఆ విద్య వాళ్ళకంటే బాగా వచ్చు. ఎంత అలవాటైపోయిందంటే, నిశ్శబ్దంగా ఉన్నచోట కూడా సగం మాట గొంతుతో, సగం మాట పెదాలతో అనేది. బడికి నులిపురుగుల గోలీలు పంచడానికి వచ్చినప్పుడు పిల్లలు ఆమెను అనుకరించేవారు. "ఇంట్ల ఎవరన్న దగ్గుతున్నరారా?" అని ఆమె అడిగితే, మూడో తరగతి పిల్లవాడొకడు గొంతు రాకుండా పెదాలు కదిపాడు. ఆమె కూడా గొంతు లేకుండానే జవాబిచ్చింది. క్లాసంతా నవ్వింది. తర్వాత నా గదికి వచ్చి, "ఆ పిల్లగాని తాత దగ్గుతుండన్నా. వాడు చెప్పిండు" అంది. నవ్వులాట మధ్యలో ఆమె తనకు కావలసింది తీసుకునే వెళ్ళింది.

కార్ఖానాల్లో మొదట్లో ఆమెకొక సైగ ఉండేది. గుమ్మంలో నిలబడి, బొటనవేలు రొమ్ముకు ఆనించి, తర్వాత పిడికిలి బిగించి చూపేది. తెమడ డబ్బీ తెచ్చాను, పరీక్షకు ఇవ్వు అని అర్థం. కొన్నాళ్ళకు కార్ఖానా మొత్తానికి ఆ సైగ తెలిసిపోయింది. ఎవరికి చూపితే వాడికి క్షయ ఉందని అందరికీ తెలిసేది. ఒకరోజు అంజయ్య సేటు కార్ఖానా ముందు టీ బండి దగ్గర ఒక కార్మికుడు ఆమెను ఆపడం నేను చూశాను.

"సిస్టరక్కా, నీ పిడికిలి నాకు సూపియ్యకే. నువ్విట్ల పోయినవో లేదో సేటు వచ్చి నీకేమైందిరా అన్నడు. నా సాంచాలు వేరేటోనికిస్తే నువ్వు నడిపిస్తవా?"

"నడిపిస్త. నువ్వు రోజు మందు మింగుతనంటే నేను సాంచాలు నడిపిస్త. నువ్వు నా సంచి పట్కొని తిరుగు."

"నీ సంచి పట్టుకుంటే మా ఆమె నన్ను ఇడిశిపెట్టి పోతది."

"పోనియ్యి. ఆమెకు నయమైతది."

టీ బండి దగ్గరున్నవాళ్ళు నవ్వారు గాని ఆమె ఆ సైగ ఆ రోజుతో మానేసింది. అప్పటి నుంచి కార్ఖానాలో కనబడిన ప్రతివాణ్ణీ "తిన్నవా?" అని చేత్తో అడిగేది. మందు మింగేవాడు తల ఊపేవాడు. ఏ జబ్బూ లేనివాడు తాను తిన్న కూరేమిటో సైగలతో చెప్పేవాడు. వందమందిని అడిగితే అందులో నలుగురి జవాబే ఆమెకు కావాలి. మిగతా తొంభై ఆరుగురి కూరల పేర్లు కూడా ఓపిగ్గా వినేది.

హెల్త్ పోస్టు నార్పోలిలో రెండు గదుల అద్దె ఇల్లు. గోడకు ఒక నల్లబల్ల. దాని మీద షిందే ప్రతి నెలా సుద్దతో గీతలు కొట్టి రాసేవాడు: ప్రసవాలు, టీకాలు, శిశు మరణాలు, క్షయ రోగులు, క్షయ మరణాలు. ఒకసారి గోలీల కోసం వెళ్ళినప్పుడు నేను దాన్ని చదివాను. ప్రసవాల గడిలో సున్నా. మరణాల గడుల్లో సున్నా.

"గిది దేవతల వార్డన్నా" అంది ఆమె. "ఇక్కడ ఎవ్వరూ పుట్టరు, ఎవ్వరూ చావరు."

నాకు మొదట అర్థం కాలేదు. ఆమె నల్లబల్ల ముందు నిలబడి చెప్పింది. "ఏడో నెల పడంగనే ఆడపిల్లలు తల్లిగారింటికి పోతరు. ఐరన్ గోలీలు నేను మింగిస్త, పిల్ల అక్కడ పుడ్తది. దగ్గుతోని పడ్డోనికి మందు నేను మింగిస్త. ఇగ బతకడనంగనే ఊరికి తీస్కపోతరు. చావు లెక్క అక్కడ పడ్తది. నా దగ్గర ఆయన బదిలీ. నయం కాలే, చావలే. బదిలీ."

"అంకెలు మంచిగ ఉన్నాయి కదమ్మా, మంచిదే కదా?" అన్నాను.

"గందుకే గదన్నా బాధ. అంకెలు మంచిగున్నయని పైనోళ్ళు మెచ్చుకుంటరు. పైసలేమో చెడ్డగున్న కాడికి పంపిస్తరు. వాళ్ళు చేసేది తప్పు కాదు. వాళ్ళకేం ఎరుక?"

రాష్ట్రం మొత్తానికి ఆరోగ్యం కోసం పెట్టే నిధులను ఊళ్ళవారీగా, వార్డులవారీగా పంచేటప్పుడు ఇలాంటి నల్లబల్లల మీది అంకెలే చూస్తారని నాకు ఆ రోజు తెలిసింది. రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. షిందే గుండ్రంగా, అందంగా రాసిన సున్నాలు. అవతల రాష్ట్రంలో ఏదో ఊరి కాగితం మీద ఒక చావు పడుతుంది. వాడు ఎక్కడ జబ్బుపడ్డాడో ఆ కాగితంలో ఉండదు.

మావాళ్ళు చావుకు ఊరికి పోవడం కొత్త కాదు. తాతల నాడు వచ్చినప్పటి నుంచీ అంతే. ఇక్కడ ఉన్నది ఖోలి, అక్కడ ఉన్నది ఇల్లు. ఖోలిలో చావు జరిగితే యజమాని ఖాళీ చెయ్యమంటాడు. దినం చెయ్యడానికి నలుగురు దొరకరు. అందుకని మనిషి లేవలేడు అని తెలియగానే టికెట్ తీస్తారు. సాయంత్రం నాలుగు గంటలకు ట్రావెల్స్ బస్సు బయలుదేరుతుంది, మర్నాడు పొద్దునకల్లా ఊరు. ఆ బస్సు దగ్గర ఆమె రోజూ ఉండేది. డ్యూటీలో భాగం కాదు. ఎవరూ చెప్పలేదు.

మూడున్నరకు వచ్చి, బస్సెక్కి, ముందు నుంచి వెనక దాకా పక్కవాటుగా నడిచేది. ఎండాకాలంలో చద్దరు కప్పుకుని పడుకున్నవాడి దగ్గర ఆగేది. చద్దరు మెల్లగా కిందికి జరిపి మూడు ప్రశ్నలు అడిగేది. ఎప్పుడూ అవే మూడు, అదే వరుసలో. "పేరేంది బిడ్డా? ఏ కార్ఖానా? అక్కడ నిన్ను ఎవరు చూస్తరు?" చిన్న పుస్తకంలో రాసుకుని, నెలకు సరిపడా మందులు, అక్కడి జిల్లా దవాఖానకు ఒక ఉత్తరం చేతిలో పెట్టేది. వారానికి ఒకరిద్దరినైనా బస్సు దింపేది. దిగినవాళ్ళలో కొందరు బతికారు. నాకు తెలుసు, వాళ్ళ పిల్లలు మళ్ళీ బడికొచ్చారు.

కండక్టరు ఆమెను ఆటపట్టించేవాడు. "అక్కా, రోజు ఎక్కుడు దిగుడేనా? ఒక్కపారన్న టికెట్ తీస్కో. కిటికీ సీటిస్త."

"నీ బస్సుల సగం మంది దగ్గుతరు. నాకెందుకురా సీటు? నువ్వు మూతికి గుడ్డ కట్టుకో ముందుగాల."

"కట్టుకుంటే ప్యాసింజర్లు దిగిపోతరక్కా."

"దిగనీ. నాకు పని తప్పుతది."

ఆ బస్సులో నేనొక రోజు ఉన్నాను. నా తమ్ముణ్ణి తీసుకుని.

తమ్ముడు గైబీ నగర్‌లో సాంచాలు నడిపేవాడు. క్షయ అని తేల్చింది ఆమే. ఆరు నెలలు మందు మింగాలంది. మూడు నెలలు మింగాడు, దగ్గు తగ్గింది, ఒళ్ళు వచ్చింది, మానేశాడు. ఆమె ఖోలికి వచ్చి తలుపు కొట్టేది. వాడు లోపలుండి లేనని పిల్లలతో చెప్పించేవాడు. జబ్బు తిరగబెట్టినప్పుడు మనిషి సగమయ్యాడు. ఇంట్లో అందరం కూర్చుని ఊరికి పంపుదామని నిర్ణయించాం. పెద్దవాణ్ణి నేను. టికెట్ నేనే తీశాను. చద్దరు కూడా నేనే కప్పాను.

ఆమె బస్సెక్కి చద్దరు జరిపి, వాణ్ణి చూసి, నన్ను చూసింది. ఆ రోజు ఆ మూడు ప్రశ్నలు అడగలేదు.

"దింపన్నా" అంది.

"లాభం లేదమ్మా. మనోళ్ళ మధ్యల పోనీ" అన్నాను.

"ముంబై పెద్ద దవాఖానకు నేను తీస్కపోత. పడక దొరికే దాక నేనే ఉంట. ఒక్క వారం ఇయ్యి నాకు. వారం."

తమ్ముడు కళ్ళు మూసుకునే ఉన్నాడు. వాడి భార్య నా వైపు చూసింది. నేను వద్దంటే వద్దు, సరే అంటే సరే. డ్రైవరు హారన్ కొట్టాడు. నేను చద్దరు మళ్ళీ వాడి మీదికి లాగాను. ఆమె సంచిలోంచి మందులు తీసి మరదలి ఒడిలో పెట్టి దిగిపోయింది. బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను. రోడ్డు పక్కన నిలబడి పెదాలతో ఏదో అంటోంది. అప్పటికి నాకు ఆ విద్య అంతగా రాదు.

పన్నెండు రోజులకు వాడు పోయాడు. డైరీలో ఆ రోజు పేజీ తీసి చూస్తే ఇలా ఉంది: 'తమ్ముడి మరణం. ఊళ్ళో. జ్వరం.' వాడి పెద్దకొడుకు అదే కార్ఖానాలో సాంచాల మీద ఉన్నాడు. జబ్బు పేరు బయటికి వస్తే వాణ్ణీ తీసేస్తారని ఇంట్లో అందరం జ్వరమనే చెప్పాం. కాని డైరీ ఎవరూ చదవరు. అందులో కూడా అలా ఎందుకు రాశానో నాకు తెలియదు.

ఇది జరిగిన నాలుగేళ్ళకు ఒక మధ్యాహ్నం ఆమె మా ఖోలికి వచ్చింది. ఎవరింటికి వెళ్ళినా లోపలికి రాదు, గడప మీదే కూర్చుంటుంది. నా భార్య మంచినీళ్ళిస్తే తాగి, నేరుగా విషయానికి వచ్చింది.

"అన్నా, మన పోస్టు ఎత్తేస్తరట. టెంఘర్‌ల ఉన్నదాంట్ల కలుపుతరట. ఇక్కడ జబ్బులు తక్కువున్నయి, రెండెందుకు అంటున్నరు. వచ్చే నెల ముంబైకెళ్ళి పెద్ద సారు వస్తుండు. చూసి రాసుకపోతడు."

"టెంఘర్ ఎంత దూరముందమ్మా?"

"నీకు దూరం కాదు. రెండు షేర్ రిక్షాలు. పన్నెండు గంటల పాళీ చేసొచ్చినోనికి, దగ్గు తగ్గినోనికి, రోజు పొయ్యి మందు మింగమంటే పోతడా? నీ తమ్ముడు పక్క గల్లీకే రాలే."

ఆమె సంచిలోంచి చిన్న పుస్తకం తీసింది.

"నా పుస్తకంల పేర్లున్నయి. బస్సెక్కినోళ్ళ పేర్లు. ఎక్కినోడు అక్కడ బతికిండో పోయిండో నాకు ఎరుకలేదు. నీకు ఎరుక. బడికి వాళ్ళ పిల్లలొస్తరు, టీసీలు తీస్కుంటరు, నువ్వు అన్నీ రాస్తవంట. నాకు గా పేర్లు కావాలె. ఎవరు, ఎప్పుడు, ఏ రోగంతోని. ఈ వార్డుల మనుషులు చస్తున్నరని ఆ సారుకు కాగితం మీద సూపియ్యాలె."

డైరీలు ఇవ్వనన్నాను. జాబితా రాసిస్తానన్నాను. ఆమె సంతోషించింది. "నీ రాత షిందే రాత కన్న మంచిగుంటది" అంది.

మూడు వారాలు కూర్చుని తొమ్మిదేళ్ళ డైరీలు తిరగేశాను. నాలుగు పేజీలు వచ్చాయి. పేరు, వయసు, కార్ఖానా, బయలుదేరిన తేదీ, పోయిన తేదీ, కారణం. గీతలు స్కేలుతో కొట్టాను. ఆ నాలుగు పేజీలు అలాగే ఆమె చేతిలో పెట్టి ఉంటే ఇది రాసే పని నాకు ఉండేది కాదు.

కాని నా పద్ధతి నన్ను ఆపింది. ఒక ఇంటివాళ్ళ చావును వాళ్ళను అడగకుండా సర్కారు చేతికి ఎలా ఇస్తాను? ప్రతి ఇంటికీ వెళ్ళి అడిగి, సరిచూసుకుని ఇద్దామనుకున్నాను. సాయంత్రాలు నార్పోలి, గైబీ నగర్ గల్లీల్లో తిరిగాను.

మొదటి ఇంట్లోనే ఒక ఆడమనిషి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. "సారూ, గా రోగం పేరు రాయకు. మా పెద్దోడు అదే సేటు దగ్గర చేస్తుండు. జరమని రాయి. నీకు పుణ్యముంటది." నా తమ్ముడి ఇంట్లో మేం అన్న మాట అదే. జ్వరమని రాశాను. రెండో ఇంట్లో ఒక ముసలాయన, "పోయినోడు పోయిండు. ఆని పేరు తీస్కపొయ్యి ఏ ఆఫీసుల పెడ్తవు? కొట్టెయ్యి" అన్నాడు. నా చేతనే కొట్టేయించి, కాగితం తీసుకుని చూసుకున్నాడు కూడా. మరొకరు ఖోలి యజమానికి తెలుస్తుందన్నారు. ఒకరిద్దరు మాత్రం ఉన్నదున్నట్టు రాసుకొమ్మన్నారు. వాళ్ళకు పోవడానికి ఇంక ఏమీ మిగలలేదు.

చివరికి సాపు రాస్తే ఒక పేజీ అయింది, కింద ఖాళీ. కారణం గడి నిండా జ్వరం, ఆయాసం, బలహీనత. అడగకుండా రాస్తే తప్పని అనుకున్నాను. అడిగి వాళ్ళు చెప్పినట్టే రాయడం అంతకన్నా పెద్ద తప్పని ఆ ఇళ్ళన్నీ తిరిగినప్పుడు ఒక్కసారి కూడా తోచలేదు.

ఒక్క పేరు దగ్గర ఎవరినీ అడగవలసిన పని లేదు. ఇంటి పెద్దను నేనే. ఆ పేరును సాపు కాగితంలోకి ఎక్కించనే లేదు.

ముంబై నుంచి వచ్చిన అధికారి టెంఘర్ పోస్టులో కూర్చున్నాడు; ఆమెతో నేనూ వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆమె చెప్పింది మొత్తం విన్నాడు. తన దగ్గరున్న పటం చూపించాడు. రాష్ట్రమంతా రంగులు వేసి ఉంది, ఎర్రటి చోట్లు కొన్ని, పసుపువి కొన్ని. మేమున్నచోట ఆకుపచ్చ. ఆమె నా కాగితం ఆయన ముందు పెట్టింది. చూడకుండా పెట్టింది. అంత నమ్మకం. ఆయన చదివి కళ్ళద్దాలు తీసి, జ్వరంతో పోయినవాళ్ళను చూపించి క్షయ మందుల కేంద్రం కావాలని పైన ఎలా అడగను అని మరాఠీలో మెల్లగా అడిగాడు. ఆమె కాగితం తన వైపు తిప్పుకుంది. కారణం గడి మీద వేలు పెట్టి పై నుంచి కింది దాకా జరిపింది. తర్వాత పేర్ల గడి మీద వేలు పెట్టి, అలాగే పై నుంచి కింది దాకా. తర్వాత కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

తిరిగి వస్తుంటే షేర్ రిక్షాలో మధ్యలో ఎవరో ఉన్నారు. ఆయన దిగాక ఆమె అంది, ఈసారి పూర్తిగా గొంతుతో. "నీ తమ్ముని పేరు వెతికిన అన్నా. లేదు."

నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

"మంచిదే" అంది. "లెక్కల లేడంటే యాడనో సాంచాలు నడుపుతుండు అనుకుంట."

అంతకుమించి ఎన్నడూ ఏమీ అనలేదు. అన్నా అని పిలవడం మానలేదు. ఆ తర్వాత రెండు నెలలకు పోస్టు ఎత్తేశారు. బీరువా, బరువు తూచే మిషను, నల్లబల్ల టెంపోలో టెంఘర్ వెళ్ళాయి. ఆమె కూడా వెళ్ళింది. మందు మింగుతున్నవాళ్ళలో ఎందరు అక్కడి దాకా పోయారో, ఎందరు మానేశారో నా డైరీలో లేదు. ఆ ఏడు టీసీలు మాత్రం ఎక్కువ రాశాను. ఆమె రిటైరయ్యాక కూడా నాలుగు గంటల బస్సు మానలేదు. ఇవ్వడానికి మందులు లేవు, ఉత్తరం రాసే అధికారం లేదు. ఆ మూడు ప్రశ్నలు అడిగి, పుస్తకంలో రాసుకుని, టెంఘర్‌కు ఫోన్ చేసి చెప్పేది.

కూడిక ముగిశాక సుగుణ అందరికీ టీ ఇచ్చింది. అంజయ్య సేటు టీ తాగుతూ, "దేవత అసుంటి మనిషి. ఇన్నేండ్లల్ల మా కార్ఖానల రోగంతోని పోయినోడు ఒక్కడు లేడంటే అంత ఆమె పుణ్యమే" అన్నాడు. నిజంగా నమ్మే అన్నాడు. షిందే నా వైపు చూశాడు. అంజయ్య కార్ఖానా నుంచి వెళ్ళినవాళ్ళ పేర్లు నా డైరీలో ఉన్నాయి. షిందే చూపు నాకు అర్థమైంది. నేను కప్పు కింద పెట్టి గొడుగు తీసుకుని వచ్చేశాను.

అదే సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పక్క ఖోలి రాజమల్లు మా గుమ్మంలోకి వచ్చాడు. అంజయ్య దగ్గరే పనిచేస్తాడు. నలభై దాటలేదు. వానలు మొదలైన దగ్గర నుంచి గోడ అవతల అతని దగ్గు నాకు వినబడుతూనే ఉంది.

"సారూ, రేపటి బస్సుకు పోతున్న. మా ఆమెను కూడ తీస్కపోతున్న. ఖోలి తాళంచెయ్యి నీ దగ్గర పెట్టుకుంటవా?"

"దవాఖానకు పోయినవా?"

"ఏం దవాఖాన సారూ. రెండుసార్లు రక్తం పడ్డది. ఇగ అమ్మ దగ్గరికి పోత." తాళంచెవి నా వైపు చాపి అన్నాడు. "బస్సుల ఎవ్వరు అడ్గరు గదా ఇప్పుడు. సిస్టరక్క ఉన్నన్ని దినాలు బస్సెక్కాలంటెనే భయమయ్యేది. నువ్వు కూడ ఎవ్వరికి చెప్పకు సారూ. మా తమ్ముడు ఆ కార్ఖానలనే ఉంటడు."

తాళంచెవి తీసుకున్నాను. చెప్పనని గాని, చెబుతానని గాని అనలేదు. అతను అది చెప్పననడమే అనుకుని వెళ్ళాడు.

ఆగస్టు 12, మంగళవారం. వాన తెరిపి ఇచ్చింది. రెండు షేర్ రిక్షాలు మారి ఎనిమిదిన్నరకు టెంఘర్ చేరాను. కౌంటరు దగ్గర కొత్త పిల్ల, కాంట్రాక్టు మీద వచ్చినట్టుంది. మన తెలుగువాళ్ళ పిల్లే, మరాఠీ బడిలో చదివింది.

"బోలా అంకుల్. ఏం కావాలె?"

ఒక మనిషి గురించి చెప్పడానికి వచ్చానన్నాను.

"నావ్ సాంగా. పేరు చెప్పండి. ఇక్కడి ఆధార్ ఉందా వాళ్ళకి?"

"ఆధార్ ఊరిది. మనిషి ఇక్కడోడే. పద్దెనిమిదేండ్ల నుంచి ఇక్కడే సాంచాలు నడుపుతుండు."

పేరు చెప్పాను. కార్ఖానా చెప్పాను. ఖోలి నంబరు చెప్పాను. రక్తం పడిందని, ఈ సాయంత్రం ఊరికి పోతున్నాడని చెప్పాను. ఆ పిల్ల రాసుకుని, "తుమ్హీ కోణ్? మీరేమవుతరు ఆయనకు?" అంది.

"పక్క ఖోలి."

ఒక డబ్బీ, రెండు కాగితాలు సంచిలో వేసుకుని నాతో బయలుదేరింది. పదింటికి మేం గల్లీలోకి వచ్చేసరికి రాజమల్లు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మూటలు కట్టి గోడకు ఆనించి ఉన్నాయి. ఆ పిల్ల మెడలో కార్డు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ పిల్ల అతని పక్కనే నేల మీద కూర్చుని చిన్నగా ఏదో చెబుతూ ఉంది. అతను లేచి మాత్రం వెళ్ళలేదు.

అతని భార్య లోపలి నుంచి వచ్చి కాసేపు నిలబడింది. వంగి, కట్టిన మూటల్లో ఒకదాని ముడి విప్పి, బట్టల మధ్యలోంచి ఒక స్టీలు గ్లాసు తీసింది. కొంగుతో తుడిచి, నీళ్ళు ముంచి, ఆ పిల్లకిచ్చింది.